మా తమ్ముడి పేరు చదివిన పూజ

మా విచారణలో, అంటే మా గుడికి చెందిన కతోలికుల్లో, పూజ చీటీలు పైకి చదవరు. కొరాపుట్‌లో మా గుడి చిన్నది. ఆదివారం లోపలికి వచ్చేవాళ్ళు గుమ్మం పక్కనున్న చెక్కపెట్టెలో చీటీ వేస్తారు. చనిపోయినవాళ్ళ కోసమైతే పేరు ముందు సిలువ గుర్తు పెడతారు. జ్వరం తగ్గాలనో, పిల్లకు సీటు రావాలనో అయితే ఊరికే రాస్తారు. ఫాదర్ గారు ఆ చీటీలన్నీ ఒక పళ్ళెంలో పోసి పీఠం మీద పెట్టి, ఇందులో ఉన్న అందరి కోసం ఈ పూజ అంటారు. అంతే. ఎవరు ఎవరి కోసం రాశారో దేవుడికి తప్ప తెలియదు. మా అమ్మ ముందు నాన్న ఉద్యోగం చేసిన ఊళ్ళో, తర్వాత ఇక్కడ, ముప్పై ఏళ్ళుగా ఈ పద్ధతికి అలవాటుపడిన మనిషి. అన్ని గుళ్ళలోనూ ఇంతే అనుకుంది. అలా అనుకోకపోయి ఉంటే నాకు ఈ రోజుకీ ఏమీ తెలిసేది కాదు.

నాన్న మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో పనిచేసేవారు. నేనూ తమ్ముడూ అక్కడి క్వార్టర్లలోనే పెరిగాం. వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. సాయంత్రం ఇంట్లో జపమాల చెప్పుకునేటప్పుడు అందులోని ఐదు భాగాల్లో మూడో రహస్యం దగ్గరికి వచ్చేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయేవాడు. నేను గిల్లేదాన్ని. "అక్క గిల్లింది" అని వాడు ఏడిస్తే, "గిల్లకపోతే దేవుడు గిల్లుతాడు" అనేదాన్ని. అప్పటికే నేను అలాంటి పిల్లని.

నేను నర్సునయ్యాను. పెళ్ళై కొరాపుట్ వచ్చాను. నాన్న పోయాక అమ్మనీ తమ్ముణ్ణీ మా ఇంటికే తెచ్చుకున్నాం. వాడు ఊళ్ళో వెల్డింగు షాపులో చేరాడు. ఆదివారాలు మాతో పూజకు వచ్చేవాడు. తర్వాత అప్పుడప్పుడు మానేశాడు. తర్వాత షాపులో తోటివాళ్ళు తీసుకెళ్ళే ఇంకో సంఘానికి పోవడం మొదలుపెట్టాడు. ఒక రేకుల షెడ్డులో చేతులెత్తి గట్టిగా ప్రార్థించే సంఘం అది. అక్కడ గుళ్ళో నిలబెట్టే స్వరూపాలుండవు, జపమాల ఉండదు, మరియమాత పేరు ఎత్తరు. ఒక ఆదివారం వాణ్ణి కొలాబ్ డ్యాం నీళ్ళలో ముంచి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చారు.

నేను గుడిలో పిల్లలకు సత్యోపదేశం చెప్పేదాన్ని. జ్ఞానస్నానం జన్మకు ఒక్కసారే అని ఎన్ని బ్యాచీల పిల్లలకు చెప్పానో లెక్కలేదు. ఆ మధ్యాహ్నం వాడు తడి జుట్టుతో ఇంటికి వచ్చి, తన మంచం పైనున్న దేవమాత పటాన్ని గోడ నుంచి తీసి, తువ్వాలుతో దుమ్ము తుడిచి, నా టేబుల్ మీద పెట్టాడు. "ఇది నువ్వు ఉంచుకో అక్కా" అన్నాడు. గొంతు పెంచలేదు. ఎగతాళి చెయ్యలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

"ఈ తల్లిని కాదన్నోడు నా తమ్ముడు కాడు. నా గుమ్మం ఎక్కకు" అన్నాను.

మూడో రోజు వాడు సంచీ సర్దుకుని విశాఖపట్నం పోయాడు. నాలుగేళ్ళ క్రితం మాట ఇది.

ఆ వారం నుంచే, మరియమాత రోజని, శనివారాలు ఉపవాసం పట్టాను. వాడు తిరిగి రావాలి, తల్లి పాదాల దగ్గర మోకరించాలి, నేను ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఈ మూడూ అదే వరసలో జరగాలని నా ప్రార్థన. న్యాయాధిపతి గుమ్మం వదలకుండా రోజూ వచ్చి విసిగించి న్యాయం చేయించుకున్న విధవరాలి కథ మా బైబిల్లో ఉంది. నేనూ అలాగే విసిగించాను. రాత్రి డ్యూటీలో కూడా సెలైను మార్చి వచ్చి కుర్చీలో పూసలు తిప్పేదాన్ని. వాడు అప్పుడప్పుడు అమ్మకు ఫోన్ చేసేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు. "ఫోను సేసేడు. బాగున్నాడట" అనేది అమ్మ. నేను తల ఊపేదాన్ని. అంతకు మించి అడగకపోవడం అప్పట్లో నాకు పట్టుదలగానే తోచింది, ఇంకోలా తోచలేదు. పోయిన క్రిస్మస్‌కి కూడా, "సేసేడమ్మి. కొత్త సొక్కా కొనుక్కున్నాడట" అంది. నేను గుడికి వెళ్ళి కృతజ్ఞత చెప్పుకుని వచ్చాను.

రాయగడ దాటాక ఒక కొండ మీద మరియమాత గుహ ఉంది. ఏటా చలి వెనకబడే రోజుల్లో అక్కడ పండగ. చుట్టుపక్కల కొండ ఊళ్ళ నుంచి వేలమంది వస్తారు. మా విచారణ నుంచి తెలుగు కుటుంబాలం ఒక బస్సు మాట్లాడుకుని వెళ్తాం. ఈసారి నేను నిలువెత్తు కొవ్వొత్తి మొక్కుకున్నాను.

ఈ మొక్కు మావాళ్ళలో పాతది. ఎవరి కోసం మొక్కుకుంటే వాళ్ళని చెప్పుల్లేకుండా గోడకు నిలబెట్టి, అరికాలి నుంచి నడినెత్తి దాకా దారం కొలిచి, ఆ దారాన్నే వత్తి చేసి మైనం పోయిస్తారు. బతికున్న మనిషికే ఈ మొక్కు. చనిపోయినవాళ్ళకి మామూలు కొవ్వొత్తి చాలు, వాళ్ళకిక ఎత్తేమిటి అనేది మా నాయనమ్మ. తమ్ముడు ఎదురుగా లేడు. మా ఆయనదీ వాడిదీ ఒకటే ఎత్తు కాబట్టి ఆయన్ని నిలబెట్టాను. నేను స్టూలెక్కి తల దగ్గర దారం పట్టుకున్నాను. అమ్మ కింద కూర్చుని ఆయన మడమ దగ్గర రెండో కొస పట్టుకుంది. ఆయన కదలకుండా, ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డారు. మామూలుగా ఇలాంటివాటికి నవ్వులాట చేసే మనిషి. మొక్కంటే గౌరవం కాబోలు అనుకున్నాను.

కాన్వెంటు సిస్టర్లు కొవ్వొత్తి పోసిచ్చారు. వంగిపోకుండా వెదురు బద్దకు కట్టి, పాత చీర చుట్టి, తెల్లవారుజామున బస్సెక్కాను. కిటికీల బయట మంచు తప్ప ఏమీ లేదు. ఆ మూటను సీట్ల మధ్య పొడుగ్గా పెట్టేసరికి ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగింది.

"ఓలమ్మ, ఏటే అది? సెరుకు గెడేటి? నాకో ముక్క ఇరిసియ్యి."

పక్కింటి వదిన నాకంటే ముందే అందుకుంది. "సెరుకు కాదత్తా, మా వదిన ఆళ్ళాయన్ని సీరలో సుట్టి తెచ్చింది. కొలత ఆయనదే కదేటి!"

బస్సంతా నవ్వింది. ఫాదర్ గారి తరఫున మమ్మల్ని తీసుకెళ్తున్న ఉపదేశి గారు ముందు నుంచి, "మరైతే ఆయనకీ టిక్కెట్టు తీయాలమ్మా" అన్నారు. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చలి అనుకున్నాను.

పక్కింటి వదిన నాతో పాటే ఆస్పత్రిలో నర్సు. గుడిలో మరియ దళం అనే ప్రార్థన బృందానికి పెద్ద. పదకొండేళ్ళుగా మా రెండు ఇళ్ళకీ మధ్య పిట్టగోడ తప్ప అడ్డం లేదు. నా తమ్ముడి కోసం నేను చేసిన ప్రతి నవదిన ప్రార్థనలోనూ పక్కన మోకరించింది ఆమే. ఆ రోజు కూడా కాకిరిగుమ్మ దాటేదాకా ఇద్దరం కలిసి జపమాల చెప్పించాం. నేను సగం అంటే మిగతా సగం ఆమె అందుకుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలు వాంతులు చేసుకుంటుంటే నిమ్మకాయ ముక్కలు పంచింది. లక్ష్మీపూర్‌లో బస్సు ఆగితే గారెల్లాంటి వేడి వేడి బరాలు ఆకులో పెట్టించి తెచ్చి, నాకు శనివారమని గుర్తొచ్చి, "నీ వాటా నాను తింతాన్లే, పుణ్యం నువ్వుంచుకో" అంది.

కొండ కింద బస్సు దిగేసరికి ఎండ వచ్చింది. కువి భాష మాట్లాడే కొండ ఊళ్ళ వాళ్ళు రెండు రోజులు నడిచి వచ్చి రాత్రే చేరుకున్నారట. డప్పులు కొడుతూ, పిల్లల్ని వీపున కట్టుకుని, పాడుకుంటూ మెట్లెక్కుతున్నారు. మెట్ల మొదట్లో ఒక షామియానా కింద పూజ చీటీలు తీసుకునే బల్ల ఉంది.

"నాకు మోకాళ్ళు నొప్పి. మెల్లిగొస్తాను, నువ్వు పద" అంది అమ్మ. పట్టుకుని ఎక్కిస్తానంటే కసిరింది. "ఆ కొవ్వొత్తి పట్టుకుంతావా, నన్ను పట్టుకుంతావా? పో."

నేను పైకి వెళ్ళాను. చివరి మెట్లు మోకాళ్ళ మీద ఎక్కాను. గుహ ముందు నిలువెత్తు కొవ్వొత్తులు వరసగా నిలబెట్టే ఇనుప చట్రం ఉంది. వాలంటీరు నా చేతిలోంచి తీసుకుని, చీర విప్పి, మిగతావాటి పక్కన నిలబెట్టాడు. అది కాస్త వంకరగా ఉంది. నేను వెళ్ళి సరిచేశాను. తమ్ముడి భుజం మీద చొక్కా సర్దినట్టే ఉంది. ఆ నిమిషంలో నాకు ఎంత నమ్మకం కలిగిందంటే, వాడు వచ్చాక ఏం వండాలో కూడా ఆలోచించాను.

పూజ బయట మైదానంలో. మేమంతా ఒకచోట చాపలు పరుచుకుని కూర్చున్నాం. అమ్మ వచ్చి వదినకు అటుపక్క కూర్చుంది. పూజకు ముందు ఒక సిస్టర్ మైకు దగ్గరికి వచ్చి పేర్లు చదవడం మొదలుపెట్టింది. అక్కడి పద్ధతి అది. ముందు కృతజ్ఞతలు, తర్వాత జబ్బుపడినవాళ్ళు, ఆఖరున చనిపోయినవాళ్ళు. ప్రతి పేరూ పైకి చదువుతారు. ఒడియాలో కొన్ని, మావాళ్ళవి తెలుగులో. అంతకుముందు ఏళ్ళలో మేం ఆలస్యంగా చేరుకోవడం వల్ల ఎప్పుడూ ఈ చదవడం వినలేదు. ఈసారి డ్రైవరు తొందరగా తెచ్చాడు.

చనిపోయినవాళ్ళ పేర్లలో మా తమ్ముడి పేరు చదివారు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు, నాన్న పేరు, ఇంటిపేరు. మూడూ.

నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. బల్ల దగ్గర ఎవరో ఒక వరసలో రాయాల్సింది ఇంకో వరసలో రాశారనుకున్నాను. అమ్మ వాడి క్షేమం కోసం చీటీ ఇచ్చి ఉంటుంది, వీళ్ళు తారుమారు చేశారు. వదిన వైపు వంగి, "సూసేవా వదినా, బతికున్నోణ్ణి సంపేసేరు" అన్నాను.

వదిన నా వైపు చూడలేదు. జపమాల గుప్పిట్లో బిగించి, తల వంచుకుని ఉంది. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ప్రార్థనలో ఉన్నారులే అనుకున్నాను. అంత దగ్గరగా కూర్చుని కూడా నాకు అర్థం కాలేదు. పూజంతా విన్నాను, పాటలు పాడాను, వరసలో నిలబడి ఫాదర్ గారి చేతి దివ్యసత్ప్రసాదపు అప్పం తీసుకున్నాను. నాలుక మీద అది ఉండగానే, ఆ బల్ల దగ్గర ఏమని గట్టిగా అడగాలో మనసులో వాక్యాలు పేర్చుకుంటున్నాను.

పూజ కాగానే గబగబా దిగాను. బల్ల దగ్గర కళ్ళద్దాల ముసలాయన చీటీలు కట్టలు కడుతున్నాడు. ఒడియాలో చెప్పాను. "పొరపాటు జరిగిందండీ. నా తమ్ముడు బతికే ఉన్నాడు. చనిపోయినవాళ్ళలో చదివించారు. సాయంత్రం పూజలో సరిచేసి చదివించండి."

ఆయన విసుక్కోలేదు. పేరడిగాడు. తెలుగు చీటీల కట్ట విప్పి, ఒక్కొక్కటే వేలు తడుపుకుంటూ తీశాడు. ఒకటి తీసి నా ముందు పెట్టాడు. పాత క్యాలెండరు కాగితం వెనక వైపు నీలం సిరాతో రాసి ఉంది. పేరు ముందు సిలువ గుర్తు. కింద, "ఆత్మ విశ్రాంతి కోసం. రెండో ఏడు." అమ్మ అక్షరాలు. తలకట్లు విడివిడిగా, గాలికి ఎగిరిపోతాయేమో అన్నట్టు పెడుతుంది అమ్మ. చిన్నప్పుడు నా పలక మీద దిద్దించిన అక్షరాలవి. నేను వాటిని ఇంకొకరివి అనుకోలేను.

"మేం సరిగ్గానే చదివామా?" అని అడిగాడు ముసలాయన, నిజంగా తెలుసుకోవాలని.

"సరిగ్గానే చదివారు" అన్నాను. చీటీ ఇస్తారా అని అడిగాను. ఇచ్చాడు.

మావాళ్ళు కొండ కింద రేకుల పందిట్లో భోజనాలకు కూర్చున్నారు. అమ్మ పులిహోర డబ్బా మూత తీస్తోంది. వదిన విస్తర్లు తుడుస్తోంది. నేను వెళ్ళి అమ్మ ముందు నిలబడి చీటీ చూపించాను.

"తమ్ముడికి ఏటయింది?"

అమ్మ చీటీ వైపు చూసింది. ఆమె మొదట అన్నమాట ఇది. "పైకి సదివేసేరు. మన కాడ సదవరు కదా..."

"ఏటయింది అని అడుగుతున్నాను."

"కామెర్లు ముదిరిపోయాయి. పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. పోయేడు." మూత మళ్ళీ డబ్బాకు పెట్టింది. "రెండేళ్ళయింది, ఈ వారంతో."

చుట్టూ తింటున్నవాళ్ళు తినడం ఆపారు. కానీ ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది నేను చూశాను. ముందు సీటు ముసలామె, చెరుకు ముక్క అడిగినామె, తల దించుకుంది. ఉపదేశి గారు లేచి నీళ్ళ కోసమన్నట్టు పక్కకు పోయారు. ఆ బస్సులో వచ్చినవాళ్ళలో తెలియనిది నాకొక్కదానికే.

"ఎవరెళ్ళేరు?"

"నాను ఎల్లేను."

"ఎప్పుడు?"

అప్పుడు నాకే గుర్తొచ్చింది. ఆ ఏడు అమ్మ, మా పిన్ని ఇంటికని విజయనగరం వెళ్ళి వారం ఉండి వచ్చింది. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉంటే కళ్ళకలక అంది. నేను ఆస్పత్రి నుంచి చుక్కల మందు తెచ్చి, రోజుకు నాలుగుసార్లు, ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని కళ్ళల్లో వేశాను. ఇరవై ఏళ్ళుగా నర్సుని నేను. ఏడ్చిన కన్నుకీ జబ్బు కన్నుకీ తేడా తెలియక కాదు. అమ్మ అబద్ధం ఆడుతుందని తోచక.

"క్రిస్మస్‌కి ఫోను చేశాడన్నావు. కొత్త చొక్కా కొన్నాడన్నావు."

అమ్మ డబ్బా మూతను ఇంకోసారి గట్టిగా నొక్కింది.

"దారం పట్టుకున్నావు కదే. నేను కొలుస్తుంటే కిందన కూర్చుని కొస పట్టుకున్నావు. మా ఆయన నిలబడ్డాడు..." అంటూనే ఆగిపోయాను. అమ్మ మొహం చూస్తే తెలిసిపోయింది. "ఆయనకీ తెలుసేటి?"

"అల్లుడే నన్ను బస్సెక్కించేడు, ఇశాపట్నం."

వదిన లేచి నా చెయ్యి పట్టుకోబోయింది. విదిలించాను. "నువ్వు నాతో కూర్చుని నవదినాలు చేశావు. వాడు తిరిగి రావాలని చేశావు. చచ్చినోడు రావాలని."

"మరేటి సెయ్యమంతావు?" వదినకు కోపం వచ్చింది. భయపడ్డ మనిషికి వచ్చే కోపం. "ఆళ్ళ సంగమోల్లు ఆళ్ళ పద్ధతిలో పాతిపెడతన్నారు. ఫాదర్ లేడు, అంత్య అభ్యంగనం లేదు, జపమాల లేదు. నీకు తెలిస్తే ఏటి సేద్దువో మాకు తెల్దేటి? మీ పెదనాన్న కాడ సూసేం కదా! మీ అమ్మకి కొడుకుని పాతిపెట్టుకోవాలి. నీతో తగువు పడ్డానికి ఓపికుందేటి ఆ రోజు?"

పెదనాన్న చనిపోయినప్పుడు నేను రాయగడ వెళ్ళాను. ఆయన కొడుకులు అప్పటికే వేరే సంఘంలో కలిసిపోయారు. పెదనాన్న మాత్రం చివరిదాకా మావాడే. కొడుకులు వాళ్ళ పాటలు పాడుతుంటే నేను పెట్టె తలవైపు నిలబడి, ఒక్కదాన్నే, గట్టిగా జపమాల మొదలుపెట్టాను. ఐదు రహస్యాలూ అయ్యేదాకా పెట్టె ఎత్తనివ్వలేదు. కోడళ్ళు ఏడ్చారు. భూస్థాపన మధ్యాహ్నం దాటిపోయింది. నేను విశ్వాసానికి సాక్ష్యం ఇచ్చాననుకుని ఇంటికి వచ్చాను. నాతో వచ్చినవాళ్ళు నా గురించి ఏం అనుకుని వచ్చారో నాకు ఎనిమిదేళ్ళ తర్వాత పులిహోర డబ్బాల మధ్య తెలిసింది.

అయినా నాకు కోపం తగ్గలేదు. పదిమంది అన్నలు తమ్ముడి అంగీని మేక రక్తంలో ముంచి, కొడుకు చనిపోయాడని తండ్రిని నమ్మించిన కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ తండ్రి కొడుకు బతికి ఉండగా ఏడ్చాడు. నా ఇంటివాళ్ళు తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చి, వాడికి కొత్త చొక్కా తొడిగి నాకు చూపించారు. రెండేళ్ళపాటు నన్ను నవ్వనిచ్చారు. ఏడవాల్సిన రోజున నేను డ్యూటీకి వెళ్ళి క్యారేజీ తిన్నాను.

అక్కడ కూర్చోకుండా మళ్ళీ కొండెక్కాను. గుహ ముందు జనం ఉన్నారు. కొవ్వొత్తులన్నీ వెలిగించేశారు. నాది ఏదో వెతకలేదు. తల్లి స్వరూపం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ప్రతి శనివారం నేను ఆకలితో వచ్చి ఆమె ముందు మోకరించి, వాణ్ణి తీసుకురా అంటుంటే, వాడు ఎక్కడున్నాడో తెలిసి కూడా ఆమె ఊరుకుంది. మా అమ్మలాగే. ఆమె కొడుకు చనిపోయేటప్పుడు ఆమెకు ఎవరూ దాచలేదు. సిలువ కింద నిలబడనిచ్చారు. చూడనిచ్చారు. ఒళ్ళో పడుకోబెట్టుకోనిచ్చారు. నాకెందుకు ఆ చోటు ఇవ్వలేదని అడిగాను. పైకే అడిగాననుకుంటాను, పక్కనున్న కువి అమ్మాయి తన పాపను ఎత్తుకుని కాస్త జరిగింది.

ఆ తల్లి మీద నమ్మకం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. నమ్మకం లేనిచోట అంత కోపం రాదు.

సాయంత్రం పూజకు ఉండకుండానే బస్సు బయల్దేరింది. ఉపదేశి గారు జపమాల మొదలుపెట్టి, అలవాటు కొద్దీ, "అమ్మా, రెండోది మీరు చెప్పించండి" అన్నారు నాతో. నేను నోరు తెరవలేదు. తర్వాత వదిన అందుకుంది. ఆమె గొంతు వణికింది. వణకనీ అనుకున్నాను.

లక్ష్మీపూర్‌లో టీకి ఆగాం. అందరూ దిగారు. అమ్మ దిగలేదు. నేను నాలుగు సీట్లు ముందు కూర్చున్నాను. ఆమె సీటు కమ్మీలు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇంకోటుంది. అది కూడా సెప్పేస్తాను" అంది. "మళ్ళీ మళ్ళీ నీ కాడ దొరకలేను."

నేను కిటికీ బయటికే చూస్తున్నాను.

"ఆస్పత్రిలో సేరకముందు ఫోను సేసేడు. ఒంట్లో బాగోనేదు, అక్క కాడికి ఒద్దావని ఉంది అన్నాడు. అక్క పిలిస్తే ఒస్తాను, అక్కనే పిలవమను అన్నాడు. పిలుస్తాదిలే అన్నాను."

"నాతో చెప్పలేదు."

"సెప్పనేదు."

"నేను ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. కామెర్లకి రోజూ మందు ఎక్కించే వార్డులో ఉన్నాను నేను. వాడు వస్తానంటే నువ్వు..." రేకుల పందిట్లో విన్నదంతా దీని ముందు ఏమీ కాదు. చావు దాచారంటే ఏదో ఒకనాటికి అర్థం చేసుకుంటానేమో. వాడు బతికుండగా నా కోసం పంపిన మాటను అమ్మ తన దగ్గర ఉంచేసుకుంది.

"నువ్వేటంతావో నాకు తెలుసు" అంది అమ్మ. ఏడవడం లేదు. రెండేళ్ళ క్రితమే అయిపోయినట్టుంది ఆ పని. "ముందు ఆ సంగం ఒగ్గీమను, ఫాదరు కాడ పాపసంకీర్తనం సెయ్యమను, తరవాత రమ్మను. ఇదే అందువు. సావడానికి ముందు ఆడికి ఆ మాట నా నోటితో సెప్పమంతావేటి? నాలుగు రోజులు ఆగితే నీ మనసు మెత్తబడతాదేమో, అప్పుడు అడుగుదావనుకున్నాను. ఆడు ఆగనేదు."

"అది నువ్వు అనుకున్నది. నన్ను అడగాలి కదా."

"నంబరు నా ఫోన్లోనే ఉంది, రెండేళ్ళూ. నువ్వెప్పుడైనా అడిగేవా?"

టీ కొట్టు దగ్గర ఎవరో గ్లాసు కడిగి నీళ్ళు విసిరారు. వదిన రెండు గ్లాసులు పట్టుకుని బస్సు వైపు వస్తూ, మమ్మల్ని చూసి, అక్కడే ఆగిపోయింది.

అమ్మ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చిన్నప్పుడు అబద్ధం ఆడానేమో అని అనుమానం వస్తే అలా తిప్పేది. "నిజం సెప్పమ్మి. ఆ సంగం ఒగ్గకండా, ఉన్నోడు ఉన్నట్టే ఒస్తానంటే, పిలుద్దువా?"

"పిలిచేదాన్నే" అన్నాను. ఆమె అడగడం పూర్తి కాకముందే అన్నాను.

అమ్మ చాలాసేపు చూసి, గడ్డం వదిలేసింది.

తర్వాతి వారం విశాఖపట్నం వెళ్ళాను. వాళ్ళ సంఘం పెద్ద నన్ను శ్మశానానికి తీసుకెళ్ళాడు. ఆయన వాళ్ళ పద్ధతిలో ప్రార్థన చేస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. వదినతో డ్యూటీ సంగతులు తప్ప మాట్లాడటం లేదు. మా ఆయన క్షమించమన్నారు. వింటున్నాను. అమ్మ మా ఇంట్లోనే ఉంది. అన్నం పెడతాను, మాత్రలు ఇస్తాను. ఆమె ఫోన్ మోగితే ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటాం.

ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సు కాలంలో ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనానికి వెళ్ళాను. అమ్మ మీద కోపం చెప్పుకున్నాను. వదిన పలకరిస్తే మొహం తిప్పుకున్నది చెప్పుకున్నాను. పెదనాన్న పెట్టె దగ్గర చేసింది కూడా చెప్పుకున్నాను. ఆ రోజు బస్సులో అమ్మకు చెప్పిన జవాబు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. అది అబద్ధమైతే పాపం. నిజమైతే, నా తమ్ముణ్ణి నా దగ్గరికి రానివ్వకుండా ఆపింది మా అమ్మ ఒక్కతే. రెండింట్లో ఏదో నాకు తెలియలేదు.

"ఇంకేమైనా ఉందా అమ్మా?" అని జాలీ అవతల నుంచి ఫాదర్ గారు అడిగారు.

వెనక వరసలో ఎవరో దగ్గారు.

"లేదు ఫాదర్" అన్నాను.